ఆగినప్పుడే ఎందుకు వణుకుతుంది?

పిల్లలూ,

మొన్న కారులో వెళ్తుండగా మీలో చిన్నది అడిగింది గుర్తుందా? "తాతయ్యా, ఈ కారు రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు బాగానే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితేనే ఎందుకలా వణుకుతుంది? ఆగితే దానికి విశ్రాంతే కదా!" అని. ముందు కూర్చున్న పెద్దవాళ్లం వణుకు గురించే మాట్లాడుకుంటున్నాం గానీ, "ఆగితేనే" అన్న సంగతి మాకు తట్టలేదు. రోగం జాడ అక్కడే ఉంది. పరుగులో బాగుండి, ఆగినప్పుడు వణికే పాత బండిలో ముందు అనుమానించాల్సింది గాలిని.

పెట్రోల్ ఒక్కటే మన చేత్తో పోయిస్తాం కాబట్టి ఇంజిన్‌కి అదొక్కటే ఆహారం అనుకుంటాం. నిజానికి ఒక కిలో పెట్రోల్ సరిగ్గా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. అంత గాలి దాదాపు 12 వేల లీటర్లు! అందుకే ఆ గాలి ఏ దారిన, ఎంత వస్తోందో ఇంజిన్‌కి లెక్క కావాలి.

ఆ దారిని ఒక బడి అనుకోండి. గేటు దగ్గర ఒక మాస్టారు నిలబడి లోపలికొచ్చే పిల్లల్ని లెక్కపెడతారు. ఎంతమంది వస్తే అన్ని నోటుపుస్తకాలు ఇవ్వమని ఆఫీసుకి చెప్తారు. పిల్లలు గాలి, పుస్తకాలు పెట్రోల్. లెక్కపెట్టే మాస్టారు ఎయిర్ ఫిల్టర్ దాటగానే ఉండే ఎయిర్‌ఫ్లో సెన్సర్, ఆఫీసు బండిలోని కంప్యూటర్. ఇప్పుడు వెనక గోడకి చిన్న కంత పడిందనుకుందాం. అందులోంచి ఐదుగురు దూరి వచ్చేశారు. వాళ్లు మాస్టారి లెక్కలో లేరు, వాళ్లకి పుస్తకాలూ రాలేదు. ముసురు పట్టి బడికి ఇరవై మందే వచ్చిన రోజున ఈ ఐదుగురితో క్లాసంతా గందరగోళం. అదే ఐదువందల మంది వచ్చిన రోజున వాళ్లని పట్టించుకునేదెవరు? సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్ ముసురు రోజు బడి. రోడ్డు మీద పరిగెత్తే ఇంజిన్ ఐదువందల మంది ఉన్న బడి.

ఇంకో సంగతి. గాలి దారిలో థ్రాటిల్ అనే మూత ఉంటుంది, మన బడికి గేటు లాంటిది. ఎక్సలేటర్ మీంచి కాలు తీయగానే ఆ గేటు దాదాపుగా మూసుకుంటుంది. గేటు మూస్తే కంత దగ్గర తోపులాట పెరగదూ? ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, ఇంజిన్ గాలిగొట్టం లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడిలో మూడో వంతుకి అటూ ఇటూగా పడిపోతుంది. బయటేమో, మన మీద ఆకాశం దాకా ఉన్న గాలంతా ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు కిలో బరువుతో నొక్కుతోంది. ఆ గాలికి సూదిమొన దూరే సందు దొరికినా చాలు. ఎప్పుడూ మన నెత్తి మీదే ఉన్న ఆ బరువు మనకి తెలియకపోవడం ఎంత విచిత్రమో, నాకిప్పటికీ ఆశ్చర్యమే.

బడి దగ్గరికి మళ్లీ వద్దాం. బయటికి పోయే దారిలో ఇంకో మాస్టారు ఉంటారు. ఆయన పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్. పుస్తకం లేని పిల్లలు కనపడితే "ఇంకా పంపండి" అని ఆఫీసుకి కబురు పెడతారు. ఆఫీసు కొంతవరకు పంపుతుంది. ఇక తన వల్ల కాదనుకున్నాక మీటర్ల దగ్గర పసుపు లైటు వెలిగిస్తుంది. స్కానర్ పెడితే పి0171 అనే కోడ్ వస్తుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ చాలట్లేదని. అదే స్కానర్‌లో కంప్యూటర్ ఎంత పెట్రోల్ అదనంగా పోస్తోందో కూడా చూడాలి. ఐడ్లింగ్‌లో 20 శాతం దాకా అదనంగా పోస్తూ, ఇంజిన్‌ని 2500 ఆర్‌పీఎంకి (నిమిషానికి 2500 చుట్లకి) తెచ్చేసరికి మామూలుకి దగ్గరైతే ఎక్కడో గాలి లీకవుతోందనే ఎక్కువ అనుమానపడాలి. గాలిని లెక్కపెట్టకుండా లోపలి ఒత్తిడిని మాత్రమే కొలిచే బళ్లూ ఉన్నాయి. వాటిలో వణుకు కంటే ఐడ్లింగ్ పైకి లేవడమే ఎక్కువ కనపడుతుంది.

చాలామంది ఈ కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. పుస్తకాలు లేని పిల్లలున్నారని నిజం చెప్పిన మాస్టార్ని తీసేస్తే గోడ కంత పూడుతుందా?

నేను మీ అంత ఉన్నప్పుడు కబురు పెట్టే మాస్టారే లేరు. అన్నీ కార్బురేటర్ బళ్లు, అంటే కంప్యూటర్ లేకుండా గాలినీ పెట్రోల్‌నీ కలిపే భాగం ఉన్నవి. మా నాన్నగారి కారు బాగుచేయడానికి వచ్చే మెకానిక్ సంచిలో మూరెడు రబ్బరు గొట్టం ఒకటి ఉండేది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసని ఒక్కో అతుకు దగ్గరా నెమ్మదిగా తిప్పేవాడు. ఆ కాసేపూ పిల్లలం గప్‌చుప్. ఒకసారి ఆ గొట్టం నా చెవికి ఇచ్చాడు. ముందు అంతా గడబిడ. తర్వాత కార్బురేటర్ కింద ఒకచోట సన్నగా "స్స్స్" మని వినపడింది. అతను ఆ పక్కనున్న చిన్న పైపు కొస మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. శబ్దం ఆగింది, ఆ మరుక్షణమే ఇంజిన్ వణుకూ ఆగింది. తీస్తే వణుకు, పెడితే నిమ్మళం. ఆ నల్లటి బొటనవేలు వైపు నేనెంతసేపు చూశానో!

ఇప్పుడు పొగ పంపే మెషిన్లు వచ్చాయి. ఇంజిన్ ఆపి, గాలి దారిలోకి పొగ వదిలితే కంత ఉన్నచోట తీగలా పైకి లేస్తుంది. అంతకంటే మంచి పద్ధతి లేదు. అది లేనివాళ్లు పైపుల్ని ఒక్కొక్కటే నొక్కి పట్టి, ఇంజిన్ ఎప్పుడు కుదురుకుంటుందో చూస్తారు. అతుకుల మీద కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, ఇంజిన్ తీరు మారుతుందేమో చూసేవాళ్లూ ఉన్నారు. వేడి ఇంజిన్ మీద అది భగ్గున అంటుకోవచ్చు, మీరు దాని జోలికి వెళ్లొద్దు.

కంతలు ఎక్కువగా పడేది రబ్బరులోనే. ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజిన్ దాకా మడతలు మడతలుగా ఒక లావు గొట్టం ఉంటుంది. పైనుంచి చూస్తే దానికేమీ కాలేదనిపిస్తుంది. చేత్తో పట్టుకుని కొంచెం వంచితే మడత లోపల సన్నటి పగుళ్లు నోరు తెరుస్తాయి, వదిలేస్తే మూసుకుంటాయి. ఎక్సలేటర్ తొక్కగానే ఇంజిన్ పక్కకి ఒరుగుతుంది కదా, అప్పుడు కూడా అవి అలాగే తెరుచుకుంటాయి. ఇక సన్నపైపులు కొసల దగ్గర గట్టిపడి వదులవుతాయి. నూనె ఆవిరి పోయే పైపు ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజిన్‌కి, గాలిగొట్టానికి మధ్య ఉండే ప్యాకింగ్ ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతుంది. పొద్దున్నే చలికి వణికి, వేడెక్కాక కుదురుకునే బళ్లలో తరచు ఈ ప్యాకింగే కారణం. బ్రేక్ తేలిగ్గా తొక్కడానికి సాయపడే బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే పైపు మాత్రం వేరే లెక్క. అది చీలితే బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది, అలాంటి బండిని బాగుచేశాకే కదిలించాలి.

బాగుచేయడంలో పెద్ద విద్యేమీ లేదు. పైపు పొడవు సరిపోతే చీలిన కొస కోసి మళ్లీ తొడగొచ్చు, లేకపోతే కొత్తది వేయాలి. ఒత్తిడికి లోపలికి అణిగిపోని రకం పైపే తీసుకోవాలి. వదులైన క్లిప్పు మార్చాలి. ప్యాకింగ్ వేసేటప్పుడు పాతదాని పెచ్చులన్నీ గీకి, బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి రెండు వైపులకీ కొంచెం కొంచెంగా బిగించాలి. టేపు చుట్టడం ఇంటికి చేరడానికి పనికొస్తుందంతే. ప్యాకింగ్ బదులు సీలెంట్ పూయడం నేనొప్పుకోను, దాని ముక్కలు ఊడి లోపలికి పోతాయి. పనయ్యాక పాత కోడ్ తీసేసి బండిని కాస్త తిప్పాలి. గోడ పూడిందని ఆఫీసుకి నమ్మకం కుదరడానికి కొంత టైం పడుతుంది.

నేనెంత రాసినా మీరు చూస్తేనే తెలుస్తుంది. ఈ ఆదివారం అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని, ఇంజిన్ ఆపి పూర్తిగా చల్లబడ్డాక బానెట్ తెరిపించండి. తాళంచెవి నాన్న జేబులోనే ఉండాలి. ఫ్యాన్ దగ్గర వేళ్లు పెట్టొద్దు, కొన్ని బళ్లలో ఇంజిన్ ఆపేసినా అది తిరుగుతుంది. ఫిల్టర్ డబ్బా దగ్గర మొదలుపెట్టి ఒక్కో గొట్టం ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరుతోందో కాగితం మీద బొమ్మ గీయండి. మెత్తగా ఉన్నవాటికి ఒక గుర్తు, గట్టిపడ్డవాటికి ఒక గుర్తు. ఏ గొట్టం కొసైనా దేనికీ తగలకుండా గాల్లో వేలాడుతుంటే దాన్ని ఎర్ర పెన్సిల్‌తో గీసి, బొమ్మ నాకు పంపండి.

మీ
తాతయ్య