లయ కుదిరింది, మాత్ర మానేయొచ్చా?

ఈ మధ్య కేబీఆర్ పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లు గుండె సంగతి కూడా వాచీలోనే చూసుకుంటున్నారు. లయ తేడాగా ఉందని అది చెప్పిందంటే ఇక టెన్షనే. ఈసీజీ తీయిస్తే కొన్నిసార్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలుతుంది. గుండె పైగదులు నిమిషానికి 350 సార్లకు పైగా అదురుతుంటాయి, సరిగా ముడుచుకోవు. నాడి పట్టుకుంటే రెండు దెబ్బలు వెంటవెంటనే తగిలి, మూడోది ఆగి ఆగి వస్తుంది.

అసలు భయం ఎడమ పైగదికి ఆనుకున్న చిన్న సంచి గురించి. అక్కడ రక్తం నిలిచిపోయి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. ఈ జబ్బున్నవాళ్లకు ఆ ముప్పు దాదాపు 5 రెట్లు.

మత్తిచ్చి ఛాతీ మీద కరెంట్ షాక్ ఇస్తే చాలామందికి క్షణాల్లో లయ కుదురుతుంది. దడ, ఆయాసం తగ్గుతాయి. కానీ లోపల ముందే గడ్డ ఉంటే, పైగదులు మళ్లీ ముడుచుకోవడం మొదలవగానే అది కదిలిపోవచ్చు. అందుకే లయ తప్పి 48 గంటలు దాటితే, ముందు 3 వారాలు రక్తం పలచబడే మాత్రలు వాడిస్తారు. లేదంటే గొంతులోంచి గొట్టం దించి ఎకో తీసి, గడ్డ లేదని చూసుకుంటారు. షాక్ తర్వాతా కనీసం 4 వారాలు మాత్ర తప్పదు. ఈసీజీ బాగుపడినంత త్వరగా పైగదుల కండరం తేరుకోదు మరి.

2002లో అఫర్మ్ అధ్యయనం 4,060 మందిని చూసింది. లయ సరిచేసినా, వేగం మాత్రమే తగ్గించినా ఆయుష్షులో తేడా రాలేదు. పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కువమంది రక్తం పలచబడే పాతరకం మాత్ర వార్ఫరిన్ మానేసినవాళ్లో, ఐఎన్ఆర్ (ఆ మాత్ర ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) 2 కంటే తక్కువున్నవాళ్లో! 2020 నాటి ఈస్ట్ అధ్యయనంలో మాత్రం, జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయ మీద దృష్టి పెట్టినవాళ్లు లాభపడ్డారు. అయితే వాళ్లలో అత్యధికులు రక్తం పలచబడే మందు మానలేదు. నా దృష్టిలో అసలు కీలకం అదే.

లయ నిలబెట్టే అమియోడరోన్‌లో అయోడిన్ ఎక్కువ. థైరాయిడ్‌కూ, ఊపిరితిత్తులకూ చేటు చేయొచ్చు. లయ చెడగొట్టే కండరాన్ని తీగతో లోపలికెళ్లి కాల్చే అబ్లేషన్‌లో గుండె చుట్టూ రక్తం చేరే ప్రమాదం కొద్దిగా ఉంది, జబ్బు తిరగబెట్టడమూ ఉంది.

రక్తం పలచబడే మాత్ర ఆపాలా వద్దా అన్నది వయసు, బీపీ, షుగర్, పాత పక్షవాతం చూసి డాక్టరు తేల్చాలి, ఈసీజీ కాదు. కీళ్లవాతపు జ్వరంతో మైట్రల్ వాల్వ్ బాగా సన్నబడినవాళ్లకైతే కొత్తరకం మాత్రలు కాదు, వార్ఫరినే. ఆకుకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది, అలాగని తోటకూర మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని, మరో వారం ముట్టకపోతేనే ఐఎన్ఆర్ అటూఇటూ అవుతుంది.