బెన్యామీను: తల్లి ఒక పేరు, తండ్రి ఒక పేరు

మన క్రైస్తవ కుటుంబాల్లో బెన్యామీను, బెంజమిన్ అనే పేర్లు కొత్తేమీ కావు. పేరు ఒకటే, పలుకుబడి వేరు. అయితే ఆ బిడ్డకు మొదట పెట్టిన పేరు ఇది కాదు.

బైబిలు మొదటి గ్రంథం ఆదికాండము 35వ అధ్యాయంలో యాకోబు కుటుంబం బేతేలు నుంచి ఎఫ్రాతాకు వెళుతుంటుంది. ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా దారిలోనే యాకోబు భార్య రాహేలుకు నొప్పులొచ్చాయి. కాన్పు కష్టమైంది. భయపడొద్దు, ఈసారీ కొడుకే అని మంత్రసాని ధైర్యం చెప్పింది. మొదటి కొడుక్కి యోసేపు అని పేరు పెట్టేటప్పుడే, దేవుడు ఇంకో కొడుకునివ్వాలని కోరుకున్న తల్లి ఆమె. ఆ కోరిక తీరిన ఘడియలోనే ప్రాణం పోతోంది. పోతూ పోతూ బిడ్డను ‘బెనోని’ అంది. హీబ్రూలో బెన్ అంటే కొడుకు. బెనోని అంటే నా దుఃఖపుత్రుడు. ‘నా బలానికి పుట్టినవాడు’ అనీ అర్థం చెప్పొచ్చంటారు కొందరు పండితులు. చనిపోతున్న తల్లి నోట ఆ అర్థం పొసగదనే నాకనిపిస్తుంది.

యాకోబు ఆ పేరు ఉండనివ్వలేదు. ఎందుకో గ్రంథం చెప్పదు. పిలిచిన ప్రతిసారీ తల్లి చావు గుర్తొచ్చే పేరును పసివాడి నెత్తిన పెట్టడానికి మనసొప్పలేదేమో. బెన్యామీను అన్నాడు. యామీన్ అంటే కుడిచేయి. బలానికీ గౌరవానికీ గుర్తు.

ఆ మాటకే దక్షిణ దిక్కు అనే అర్థమూ ఉంది. ప్రదక్షిణం చేసేవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. తూర్పు ముఖంగా నిలబడితే కుడిచేతి వైపుండేది దక్షిణమే. సంస్కృతంలో ‘దక్షిణ’కు రెండర్థాలూ ఉన్నట్టే హీబ్రూలోనూ ఉన్నాయి. యెమెన్ దేశం పేరుదీ ఇదే ధాతువంటారు.

బెన్యామీను సంతతివాళ్లే ఇశ్రాయేలీయుల్లో బెన్యామీను గోత్రం. వారి నేల ఎఫ్రాయిము అనే మరో గోత్రానికి సరిగ్గా దక్షిణాన ఉంది. అందుకే ‘దక్షిణాదివాళ్లు’ అన్న గోత్రనామమే ముందు పుట్టి ఉంటుందని కొందరు చరిత్రకారుల వాదన. నేటి సిరియాలో, యూఫ్రటీసు ఒడ్డునున్న మారి నగరంలో 1933లో తవ్వకాలు మొదలయ్యాయి. అక్కడ దొరికిన క్రీ.పూ. 18వ శతాబ్దపు మట్టిపలకల్లోనూ ‘కుడివైపు కొడుకులు’, ‘ఎడమవైపు కొడుకులు’ అనే తెగలు కనిపిస్తాయి. పేరు కలిసినంత మాత్రాన ఆ తెగా ఈ గోత్రమూ ఒకటేనని తేలలేదు.

కుడిచేతి పేరున్న ఈ గోత్రంలోనే ఎడమచేతివాటం వీరులు ప్రసిద్ధులు. మోయాబు రాజును చంపిన ఏహూదు అలాంటివాడే. తలవెంట్రుకకు గురిపెట్టినా వడిసెల రాయి తప్పని ఏడు వందల మంది ఎడమచేతివాళ్లు ఈ గోత్రంలో ఉండేవారని న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయం చెబుతుంది.