గొంతు ఎండితే స్టీరింగ్ ఎందుకు తప్పుతుంది?

గుత్తి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా నాన్న లారీ డ్రైవర్. మాటిమాటికీ బండి ఆపాల్సి వస్తుందని కర్నూలు నుంచి బెంగళూరు దాకా నీళ్లు సరిగ్గా తాగడు. దీనివల్ల ప్రమాదం ఏమైనా ఉందా?"

ఉందమ్మా, చాలా ఉంది.

నీళ్లు ఆరోగ్యానికి మంచివన్న పాఠం అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. నాకు ఎప్పటికీ అబ్బురంగా ఉండేది దాహం పుట్టే తీరు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగం దగ్గర, రక్తం ఎంత ఉప్పెక్కిందో కనిపెట్టే నాడీకణాలున్నాయి. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట దిగి ముక్క ముడుచుకుంటుంది కదా, ఈ కణాలకూ అదే జరుగుతుంది. రక్తంలో కంటే చెమటలో ఉప్పు తక్కువ. కాబట్టి చెమట పోసేకొద్దీ ఒంట్లో మిగిలిన రక్తం ఉప్పెక్కి, కణంలోని నీటిని బయటికి లాగుతుంది. కణం ముడుచుకోగానే దాని పైపొరలోని ద్వారాలు తెరుచుకుంటాయి, సంకేతాలు మొదలవుతాయి. జాడీలో ఊట దిగాలంటే గుప్పెళ్లకొద్దీ ఉప్పు కావాలి, రాత్రంతా ఆగాలి. ఇక్కడ రక్తం గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు.

ఆ గాఢత మామూలుగా కిలో నీటికి 285–295 మిల్లీఆస్మోల్స్ (నీటిలో ఉప్పులాంటివి ఎంత కరిగి ఉన్నాయో చెప్పే కొలత). పెరగగానే వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలై, మూత్రపిండాల్లోని సన్నటి గొట్టాల గోడలకు ఆక్వాపోరిన్-2 అనే నీటిదారులను అమరుస్తుంది. మూత్రంలో పోవలసిన నీళ్లు వెనక్కి వస్తాయి. ఆక్వాపోరిన్లను కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అయితే ఈ పొదుపుకూ హద్దుంది. మూత్రం సుమారు 1200 మిల్లీఆస్మోల్స్ వరకే చిక్కబడుతుంది. ముడుచుకున్న ముక్క మళ్లీ ఉబ్బాలంటే బయటినుంచి నీళ్లు పోయాల్సిందే.

ఇక స్టీరింగ్ సంగతి. బ్రిటన్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరి చేత సిమ్యులేటర్‌లో, అంటే రోడ్డు మీద నడుపుతున్నట్టే అనిపించే యంత్రంలో, రెండు గంటలు కారు నడిపించి, ఫలితాలు 2015లో ప్రచురించారు. గంటకు 200 మిల్లీలీటర్ల నీళ్లు ఇచ్చినప్పుడు మొత్తం తప్పులు 47. 25 మిల్లీలీటర్లే ఇచ్చినప్పుడు 101! లేన్ దాటిపోవడం, బ్రేక్ ఆలస్యంగా వేయడం లాంటివి. పాల్గొన్నది కొద్దిమందే, కాబట్టి అంకెలను పట్టుకుని వేలాడక్కర్లేదు. కానీ మే నెలలో డోన్ దాటాక 44వ నంబరు హైవే మీద, ఇంజన్ వేడి పక్కన కూర్చున్న మనిషి పరిస్థితి ఆ సిమ్యులేటర్ కంటే ఎంత కష్టమో ఆలోచించండి.

ఎండనపడి వచ్చి వెంటనే నీళ్లు తాగకూడదని మన వైపు ఇప్పటికీ పిల్లల్ని ఆపుతారు. దయచేసి ఆపకండి. ఇంకో విషయం, నాలుగు గుక్కలకే దాహం తీరినట్టుంటుంది. గొంతు, పొట్ట పంపే కబురుతో మెదడు ముందే తృప్తిపడుతుంది. ఆ నీళ్లు రక్తంలో బాగా కలవడానికి పది పదిహేను నిమిషాలైనా పడుతుంది. అందుకే చలివేంద్రం దగ్గర ఒక గ్లాసు తాగి పరుగెత్తకుండా, కాసేపు నీడన కూర్చుని ఇంకోటి తాగాలి.

క్లాసులో నీళ్ల సీసా ముట్టనివ్వని టీచర్లంటే నాకు కోపం. దప్పిక మీద ధ్యాస ఉన్న పిల్లవాడికి లెక్క ఎలా ఎక్కుతుంది? కేరళ బడుల్లో 2019లో వాటర్ బెల్, అంటే నీళ్లు తాగమని గుర్తుచేసే గంట, పెట్టారు, మంచి పని.

కొళాయి ఒక్కటి పెడితే మాత్రం సరిపోదు. శుభ్రమైన బాత్రూం లేకపోతే బస్టాండులో ఆడవాళ్లు, బడిలో ఆడపిల్లలు నీళ్లున్నా గొంతు తడుపుకోరు. అనంతపురం, కడపల్లో ఏటా చలివేంద్రాలు పెట్టే దాతలకు నా విన్నపం ఒకటే: పందిరి వేసేముందు, దగ్గర్లో బాత్రూం, లారీ ఆపుకునే జాగా ఉన్నాయో లేదో కూడా చూడండి.