మెతుకు చెప్పని సంగతి

చిరంజీవి చిట్టితల్లికి, నీతో పాటు కంప్యూటర్ క్లాసుకి వెళ్ళే మీ అపార్ట్‌మెంటు పిల్లలందరికీ తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

ఆదివారం ఫోనులో నువ్వడిగిన ప్రశ్నకి అప్పుడే జవాబు చెబుదామనుకున్నాను. ఈలోగా మీ మామ్మ ఫోను లాక్కుని ఆవకాయ సంగతి మొదలుపెట్టింది, ఇక నాకు ఛాన్సు రాలేదు. నీ ప్రశ్న మాత్రం రెండు రోజులుగా నా వెంటే తిరుగుతోంది. “నేను రన్ బటన్ నొక్కకముందే నా ప్రోగ్రాంలో తప్పుందని నేను టైపు చేసే ఎడిటర్‌కి ఎలా తెలిసింది తాతయ్యా? నాకు చెప్పకుండా అదే ఒకసారి రన్ చేసి చూసుకుందా?”

మీ నాన్న పంపిన ఫోటోలో నీ ప్రోగ్రాం చూశాను. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో క్లాసు మార్కుల లెక్క. పేర్లన్నీ తెలుగులో పెట్టావు, ముచ్చటేసింది. (పైథాన్ మూడో వెర్షన్ వచ్చాక తెలుగు పేర్లు కూడా ఒప్పుకుంటుందని నీకు ఎవరు చెప్పారే?) ఆరు సబ్జెక్టుల మార్కులు కూడి ‘మొత్తం’ అనే పేరులో దాచావు. అన్ని పరీక్షలూ రాసినవాళ్ళకి ఒక దారి. ఏదో ఒక పరీక్షకి రానివాళ్ళకి ఇంకో దారి: ‘గైర్హాజరు’ అని ప్రింట్ చేసి, రాసినవాటి వరకు మొత్తం చూపించాలి. ఆ రెండో దారిలో ‘మొత్తం’ బదులు ‘మెత్తం’ అని పడింది. ఒత్వం పోయి ఎత్వం వచ్చింది. ఆ మాట కింద పచ్చగా ఒక వంకర గీత.

నువ్వు నీ ముగ్గురు స్నేహితుల మార్కులతో మూడుసార్లు రన్ చేశావు. ముగ్గురూ ఒక్క పరీక్ష కూడా ఎగ్గొట్టని బుద్ధిమంతులు. కాబట్టి రెండో దారిలోకి ఎవరూ వెళ్ళలేదు. ఆ లైను దాకా వెళితే తప్ప పైథాన్ ఆ పేరు ఉందా లేదా అని వెతకదు. మూడుసార్లూ జవాబు సరిగ్గా వచ్చింది. అయినా ఆ గీత పోలేదు, నీకు కోపం వచ్చింది.

అది దొంగచాటుగా రన్ చేయలేదమ్మా. చదివింది, అంతే. అదెలాగో చెప్పాలంటే ముందు మా నాయనమ్మ చేట గురించి చెప్పాలి.

మా చిన్నప్పుడు బియ్యం ఇప్పటిలా మెరుస్తూ వచ్చేవి కావు. కళ్ళంలో నూర్చిన ధాన్యంతో పాటు మట్టిబెడ్డలూ, ఇసుకా, చిన్న చిన్న రాళ్ళూ వచ్చేవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని చేటలో బియ్యం పోసుకునేది. రెండు చెరుగులు చెరిగితే ఊక ఎగిరిపోయేది. నూకలు ఒక పక్కకి చేరేవి. తర్వాత బియ్యాన్ని పలచగా పరిచి, వేలితో కొంచెం కొంచెం ఇవతలికి లాక్కుంటూ చూసేది. నల్లరాయి ఎవరికైనా కనిపిస్తుంది. గొడవంతా తెల్లరాయితోనే. అది అచ్చం బియ్యపుగింజలాగే ఉంటుంది. దాన్ని పట్టడానికి నన్ను పిలిచేది. “ఒరేయ్, నీవి లేతకళ్ళు, ఇలా రా” అని. నాకేమో గోళీల ఆట మధ్యలో ఆగిపోయేది. రాయికి ఒక బెల్లంముక్క అని బేరం పెట్టాను. రెండు రోజులకే నేను వీధిలోంచి రాళ్ళు తెచ్చి కలుపుతున్నానని ఆవిడ కనిపెట్టేసింది. ఆ దెబ్బలు ఈ ఉత్తరంలో అనవసరం.

ఒక సంక్రాంతికి మా కొత్త మావయ్య పండక్కి వచ్చాడు. ఇంట్లో హడావుడి, బియ్యం బాగుచేసే తీరిక ఎవరికీ లేదు. నాయనమ్మ అన్నం దించేముందు గరిటెతో ఒక్క మెతుకు తీసి నొక్కి చూసింది. బాగా ఉడికింది. మావయ్య రెండో ముద్ద నోట్లో పెట్టుకోగానే ‘కటుక్’మని చప్పుడు. వరసలో కూర్చున్న అందరికీ వినిపించింది. పాపం, కొత్తల్లుడు కదా, ఉమ్మలేక మింగలేక నవ్వుతూ కూర్చున్నాడు. ఆ రాత్రి నాయనమ్మ తనలో తాను అనుకున్నట్టు అంది: “ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది గానీ, రాయి ఉందో లేదో చెప్పదు కదా.”

నువ్వు మూడుసార్లు రన్ చేసి చూడడం మూడు మెతుకులు నొక్కి చూడడం లాంటిది. అది కావాల్సిందే, ఉడకని అన్నం ఎవరు తింటారు? నీ ఎడిటర్ మాత్రం పొయ్యి వెలిగించలేదు. బియ్యంగా ఉండగానే ఒక్కో గింజా చూసింది. నీ ప్రోగ్రాంని పైనుంచి కిందికి చదువుతూ రెండు జాబితాలు రాసుకుంది. ఎక్కడెక్కడ ఏ పేరుకి విలువ ఇచ్చావు, ఎక్కడెక్కడ ఏ పేరు వాడావు. రెండో జాబితాలో ‘మెత్తం’ ఉంది, మొదటిదాంట్లో లేదు. వెంటనే గీత గీసింది. ఆ దారిలోకి ఎవరైనా వెళతారా లేదా అన్నది దానికి అనవసరం. ఇలా రన్ చేయకుండా చదివి తప్పులు పట్టడాన్ని స్టాటిక్ అనాలిసిస్ అంటారు. పేరుకి భయపడకు. చేట అనుకో.

మొదటి పేరున్న చేట అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ అనే ఆయన 1978లో చేశాడు, సీ అనే కంప్యూటర్ భాష కోసం. దానికి ‘లింట్’ అని పేరు పెట్టాడు. లింట్ అంటే బట్టలకి అంటుకునే నూగు. చొక్కా బాగానే ఉంటుంది, మీద తెల్లగా నూగు. దులుపుకుంటే పోతుంది. ఇప్పటికీ ఏ భాషకైనా ఇలాంటివాటిని లింటర్లనే అంటున్నారు.

ఇక నా సంగతి. 1988లో నేనో ఆఫీసులో జీతాల లెక్కలకి సీ భాషలో ప్రోగ్రాం రాశాను. రోజులూ, జీతమూ రెండూ ఇస్తే ఎంత రావాలో చెప్పే ఫంక్షన్ ఒకటి. దాన్ని నాలుగు చోట్ల పిలిచాను. మూడు చోట్ల రెండూ ఇచ్చాను. నెల మధ్యలో రిటైరయ్యేవాళ్ళ దారిలో మాత్రం రోజులు ఇచ్చి జీతం ఇవ్వడం మరిచిపోయాను. మనం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చే అప్పటి సీ కంపైలర్లు దాన్ని పట్టించుకునేవి కావు. మా సీనియర్ “లింట్ కొట్టి చూశావా?” అని అడిగాడు. కొట్టాను. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద మూడు పేజీల హెచ్చరికలు వచ్చాయి. మొదటి పేజీ చదివాను. అన్నీ ఊకే. ఈ పేరు వాడలేదు, ఆ విలువ తీసుకుని పారేశావు, ఇలాంటివి. రెండో పేజీ సగంలో విసుగొచ్చింది. కాగితాలు మడిచి టేబుల్ అరలో పడేశాను.

మూడో పేజీలో ఉంది, ఆ ఫంక్షన్‌ని ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా పిలుస్తున్నావని.

ఎనిమిది నెలలు ఏమీ కాలేదు. ఆ తర్వాత మా అటెండర్ ఒకాయన నెల మధ్యలో రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు. ఆఖరి జీతం స్లిప్పు మీద పొడుగాటి అంకె, దాని ముందు మైనస్ గుర్తు. ఆయన ఆ కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, “ఇన్నాళ్ళు చేసి నేనే ఆఫీసుకి బాకీ పడ్డానా బాబూ?” అని నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టే నాకు ఇంకా గుర్తుంది. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో.

ఇక్కడ మన చేట కొంచెం చిరుగుతోంది, చూశావా? రాయి ఎక్కడున్నా రాయే. ప్రోగ్రాంలో అలా కాదు. నా ఫంక్షన్ బాగానే ఉంది. దాన్ని పిలిచిన లైను కూడా విడిగా చూస్తే బాగానే ఉంది. రెంటినీ పక్కపక్కన పెడితేనే తప్పు. అంటే గింజల్ని చూస్తే చాలదు, గింజకీ గింజకీ మధ్య చుట్టరికం కూడా చూడాలి. అది మనిషి కంటికి కష్టం. యంత్రానికి విసుగుండదు కాబట్టి చూస్తుంది.

అసలు నువ్వు బియ్యంలో రాయి చూసి ఉండవు. మీ ఇంటికొచ్చే సంచి మీద ‘సార్టెక్స్’ అని ఉంటుంది, చదువు. మిల్లులో గింజలు జలపాతంలా జారుతుంటే కెమెరాలు ఒక్కో గింజనీ చూస్తాయి. రంగు తేడా ఉన్నదాన్ని సన్నటి గాలి ఊది పక్కకి తోసేస్తాయి. ఒక్కోసారి పక్కనున్న మంచి గింజ కూడా ఆ గాలికి కొట్టుకుపోతుంది. లింటర్లు కూడా అంతే, అప్పుడప్పుడు మంచిదాన్నీ తప్పంటాయి. ఆ మూడు పేజీలతో నేను చేసిన పొరపాటు అదే. కూతలు ఎక్కువైతే మనిషి వినడం మానేస్తాడు.

ఇప్పటివాళ్ళు తెలివైనవాళ్ళు. మీ బాబాయి చెప్పాడు, వాళ్ళ ఆఫీసులో పాత ప్రోగ్రాం మీద లింటర్ పెడితే వేలకి వేలు హెచ్చరికలు వచ్చాయట. పాతవన్నీ ఒక పట్టీలో రాసి పక్కన పెట్టారు. కొత్తగా రాసిన లైన్లలో మాత్రం ఒక్క గీత కూడా ఉండకూడదని కట్టడి పెట్టుకున్నారు. ఎవరు రాసినా అందరి కోడ్‌లో కలపబోయే ముందు లింటర్ దానంతటదే నడుస్తుంది. అది సరే అంటేనే కలుస్తుంది. పాత గోనె మొత్తం ఒక్కరోజులో బాగుచేయలేం, ఇవాళ ఎసట్లో పోసే బియ్యం చూసుకుందాం అన్నమాట. పాతదాన్ని ఎప్పుడైనా ముట్టుకోవాల్సి వస్తే ఆ కాస్తా శుభ్రం చేస్తారట.

తప్పు కాకపోయినా అది చెప్పేవి కొన్ని ఉంటాయి. ఒక ఫంక్షన్‌లో ‘ఇలా అయితే అలా’లు ఎన్ని దారులుగా చీలాయో లెక్కపెడుతుంది. ఆ లెక్క కట్టే పద్ధతి 1976లో థామస్ మెకేబ్ చెప్పాడు. పది దాటితే విడగొట్టడం మంచిదన్నాడు. నువ్వు రాసినప్పుడు నీకు అర్థమైంది, సరే. దసరా సెలవుల్లో మళ్ళీ తెరిచి చూడు, ఎవరో వేరేవాళ్ళు రాసినట్టుంటుంది.

“మరి అన్ని తప్పులూ పట్టే లింటర్ కొనుక్కోవచ్చుగా?” అంటావు. నీ సంగతి నాకు తెలుసు. అలాంటిది లేదు. ఇంకా చేయలేదని కాదు, ఎవరూ ఎప్పటికీ చేయలేరని 1953లోనే గణితంతో రుజువు చేసి చూపించారు. ఏ ప్రోగ్రాం ఇచ్చినా సరే, అది నడిస్తే ఎలా ప్రవర్తిస్తుందో ప్రతిసారీ కచ్చితంగా చెప్పే యంత్రం అసాధ్యమని. ఆ రుజువు నీకిప్పుడు చెప్పను, నాకూ కాగితం పెన్సిలు లేనిదే అందదు. చెప్పినాయన పేరు మాత్రం చెబుతాను. హెన్రీ గోర్డన్ రైస్. నిజంగానే. బియ్యం ఏరడం గురించి ఇంత రాస్తున్నానా, ఏరడానికి హద్దుందని చెప్పినాయన ఇంటిపేరే రైస్! మొదటిసారి చదివినప్పుడు నేనొక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

అయినా మనుషులు ఊరుకోలేదు. ఒక చిన్న లెక్క. 347ని మైనస్ 29తో గుణిస్తే ఎంత? ఆగు, గుణించకు. ప్లస్సా మైనస్సా చెప్పు చాలు. మైనస్ అని టక్కున చెప్పేశావు కదా, గుణకారం చేయకుండానే! ఇలా అసలు విలువ బదులు దాని గుర్తో, ‘సున్నాకీ వందకీ మధ్య’ అన్న హద్దో పట్టుకుని ప్రోగ్రాం అంతా తిరిగే పద్ధతిని ఫ్రాన్సులో ప్యాట్రిక్ కూసో, రధియా కూసో అనే దంపతులు 1977లో ఒక శాస్త్రంగా కట్టారు. హద్దులు తెలిస్తే ఏం లాభమా? 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్టు మొదటిసారి లేచి దాదాపు 40 సెకన్లకి ముక్కలైపోయింది. 32,767కి మించి పట్టని చోట అంతకన్నా పెద్ద అంకెని పోయబోయారు. కుంచెడు బియ్యం సోలలో పోసినట్టు. పాత ఏరియన్ 4లో ఆ అంకె ఎప్పుడూ అంత పెద్దది కాలేదు కాబట్టి ఆ కోడ్ బాగానే నడిచింది. ఎనిమిది నెలలు నా ప్రోగ్రాం నడిచినట్టే. 2003లో కూసోల బృందం చేసిన ఆస్ట్రే అనే పరికరం ఎయిర్‌బస్ ఏ340 విమానాన్ని నడిపే ప్రోగ్రాంని, 1,32,000 లైన్లని, ఒక్కసారి కూడా రన్ చేయకుండా చదివి, ఇలాంటి పొంగిపోవడాలు అందులో ఎక్కడా జరగవని రుజువు చేసింది. రైస్‌గారి హద్దు దాటలేదు. తనకి తెలియనప్పుడు ‘అనుమానంగా ఉంది’ అని ఒప్పుకునే యంత్రం అది. ఆ ప్రోగ్రాంలో అనుమానం కూడా మిగల్లేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

సరే, ఇక నీ పని. ఆ ‘మెత్తం’ ఇంకా దిద్దకపోతే ఇప్పుడే దిద్దకు. ముందు పరీక్ష ఎగ్గొట్టిన పిల్లాడి మార్కులు ఇచ్చి రన్ చేసి చూడు, ఏమంటుందో విను. తర్వాత ఒక్క ఎత్వాన్ని ఒత్వం చేసి గీత మాయమవడం చూడు. మళ్ళీ చెడగొట్టు, మళ్ళీ చూడు.

ఇంకొకటి. మన చేలో పండిన పెసలు రెండు కిలోలు మీ నాన్నతో పంపుతున్నాను. బాగుచేయలేదు, కావాలనే. చేట మీ ఇంట్లో ఉండదు, పళ్ళెం చాలు. పొద్దున్నే బాల్కనీలో వెలుతురు వచ్చేవైపు కూర్చుని పలచగా పరుచుకుని చూడు. మీ స్నేహితుల్నీ పిలువు. బెల్లంముక్కల బేరం మాత్రం పెట్టకు. పెసల్లో ఆకుపచ్చ రాళ్ళు ఉంటాయా అని మీ మామ్మ నవ్వుతోంది.

రాయి దొరికితే రాయి. దొరక్కపోయినా రాయి.

ఇట్లు
మీ తాతయ్య