పాయింట్ టూ టూ రైఫిల్ కొనబోతున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

ఒలింపిక్స్ అయిపోయిన ప్రతిసారీ షూటింగ్ రేంజ్‌లకు ఫోన్లు పెరుగుతాయి. 2012 లండన్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చినప్పుడూ అంతే, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) కాంస్యం గెలిచినప్పుడూ అంతే. స్వప్నిల్ చేతిలో ఉన్నది .22 రైఫిల్ కాబట్టి ఈసారి వాటి మీద ప్రశ్నలు ఎక్కువయ్యాయి. అందరూ మొదట అడిగేది ఒకటే: "సార్, ఏ కంపెనీది కొనమంటారు?"

కోచ్‌గా నేను ఆ ప్రశ్నకు ఆఖరున జవాబిస్తాను. ఎక్కడ కాలుస్తారు, ఏ లైసెన్స్ మీద కాలుస్తారు, ఏ తూటా దొరుకుతుంది, రైఫిల్ మీ ఒంటికి సరిపోతుందా అన్నవి తేలాకే కంపెనీ పేరు. ఈ వరస తిరగబడటానికి కారణం కొన్ని అపోహలు. రోజూ వినేవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చిన్న తూటాయే కదా, లైసెన్స్ ఎందుకు?

ఎయిర్ రైఫిల్‌ను, .22ను ఒకే గాటన కట్టడం వల్ల పుట్టిన అపోహ ఇది. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం .177 బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ శక్తి 7.5 జౌళ్ల దగ్గర ఉంటుంది. .22 లాంగ్ రైఫిల్ మ్యాచ్ తూటా 140 జౌళ్ల దాకా ఇస్తుంది. అందులో మందుంది, అది పేలుతుంది. చట్టం దృష్టిలో అది పూర్తి స్థాయి తుపాకీయే. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ ఉండాల్సిందే. మన దగ్గర దరఖాస్తు పోలీస్ కమిషనర్‌కు పెట్టుకోవాలి, కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టర్‌కు. 21 ఏళ్లు నిండనివారి పేరు మీద లైసెన్స్ రాదు. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారు రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు, లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. లైసెన్స్ లేకుండా దొరికితే కనీసం రెండేళ్ల జైలు.

"తాతగారిది అటక మీద ఉంది, దానికేం కాగితాలుంటాయి" అనేవాళ్లు కూడా తగులుతుంటారు. అటక మీద ఉన్నా అది తుపాకీయే. వెంటనే వకీలుతో మాట్లాడి పోలీస్ స్టేషన్‌లో విషయం చెప్పడం మంచిది. అలాంటిదాన్ని మాత్రం రేంజ్‌కు పట్టుకురావద్దు.

అపోహ: ఫామ్‌హౌస్‌లో పెట్టుకుంటే వేటకు పనికొస్తుంది

చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు తోటలున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. పాశ్చాత్య దేశాల వీడియోల్లో .22తో కుందేళ్లను, ఉడతలను కొట్టడం చూస్తారు. అక్కడ దానికి సీజన్ ఉంటుంది, అనుమతి ఉంటుంది. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ వచ్చాక వేట అన్నదే లేదు. తోటలో తిరిగే కుందేలు, కౌజు పిట్ట, నెమలి మీ పొలంలో ఉన్నంత మాత్రాన మీవి కావు. నెమలిది మొదటి షెడ్యూల్, అంటే చట్టం గట్టి రక్షణ ఇచ్చిన జాబితా. దాన్ని చంపితే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడొచ్చు.

మరి పంటను తవ్వేసే అడవి పందుల మాటేమిటి? రైతు బాధ నిజమైనదే, చట్టం కూడా దానికి దారి పెట్టింది. పంటకు, ప్రాణానికి ప్రమాదమైన జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ కాగితం చేతికొచ్చినా .22 మాత్రం ఆ పనికి పనికిరాదు. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ శక్తి రెండు వేల జౌళ్లు దాటి ఉంటుంది. దాని పక్కన 140 జౌళ్ల తూటా ఎంత? పంది చావదు, గాయంతో పొదల్లో దూరుతుంది, తెల్లారి పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లినవాడి మీదికి వస్తుంది. .22ను ఇక్కడ కొనాల్సింది ఆటకు, సాధనకు మాత్రమే.

అపోహ: .22 పెద్ద ప్రమాదం కాదు

తూటాల అట్టపెట్టె మీద సన్న అక్షరాలతో ఉండే హెచ్చరిక ఎవరూ చదవరు. మైలున్నర దాకా ప్రమాదం అని కొన్ని కంపెనీలు ముద్రిస్తాయి. అంటే దాదాపు 2.4 కిలోమీటర్లు. దీనికి తోడు మెత్తటి సీసం, గుండ్రటి ముక్కు. గట్టి రాయికో, నీటికో వాలుగా తగిలితే దిశ మార్చుకుని ఎగురుతుంది. మన ఊరి చుట్టూ ఉన్నవన్నీ నల్లరాతి బండలే. బండను అడ్డంగా పెట్టుకుని సీసాలు కొడతామనే ఆలోచనే వద్దు. వెనక ఎత్తయిన మట్టికట్ట లేకుండా ఎక్కడా కాల్చకూడదు, అదీ అనుమతి ఉన్న రేంజ్‌లోనే. బరాత్‌లో సరదాగా గాల్లోకి కాల్చడానికి 2019 సవరణలో ప్రత్యేకంగా శిక్ష పెట్టారు: రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అపోహ: .22 అని రాసి ఉంటే ఏ తూటా అయినా పడుతుంది

.22 షార్ట్, .22 లాంగ్ రైఫిల్, .22 మ్యాగ్నమ్ వేరు వేరు. పోటీల్లో వాడేది లాంగ్ రైఫిల్. 1887 నుంచి ఉన్న తూటా ఇది, దాని కొలతలు ఇప్పటికీ అవే. మ్యాగ్నమ్ దీనికంటే లావు, పొడుగు. లాంగ్ రైఫిల్ ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే అర) మ్యాగ్నమ్ దూరదు కాబట్టి ఆ తప్పు జరగదు. తిరగేసి మ్యాగ్నమ్ రైఫిల్‌లో లాంగ్ రైఫిల్ తూటా వేస్తే మాత్రం వదులుగా కూర్చుంటుంది. పేల్చినప్పుడు ఇత్తడి తొడుగు చీలి వేడి వాయువులు వెనక్కి తన్నవచ్చు. బ్యారెల్ మీద చెక్కిన పేరూ, తూటాల పెట్టె మీది పేరూ అక్షరం తేడా లేకుండా కలవాలి.

అపోహ: స్పీడు ఎక్కువున్న తూటా అయితే గాలికి తక్కువ కొట్టుకుపోతుంది

సీనియర్లలో కూడా ఈ నమ్మకం ఉంది. వినడానికి సబబుగానే ఉంటుంది. .22 విషయంలో మాత్రం జరిగేది దీనికి తలకిందులు.

మ్యాచ్ తూటాలు సెకనుకు 320 నుంచి 330 మీటర్ల వేగంతో బయల్దేరుతాయి. హై వెలాసిటీ రకం 380 దాకా పోతుంది. ధ్వని వేగం మామూలు వాతావరణంలో 340 మీటర్లు, మన 35 డిగ్రీల ఎండలో 352 దాకా. ధ్వని వేగం దగ్గర, ఆ పైన గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. హై వెలాసిటీ తూటా బయల్దేరిన కొద్ది దూరానికే బోలెడంత వేగం పోగొట్టుకుంటుంది. పక్కగాలి తూటాను ఎంత పక్కకు నెడుతుందన్నది అది గమ్యం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఉండదు. నిరోధం వల్ల ఎంత ఆలస్యమైందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువ వేగంతో వెళ్లిన తూటాకే ఆలస్యం ఎక్కువ, అందుకే అదే ఎక్కువ పక్కకు పోతుంది. పైగా ధ్వని వేగం కిందికి దిగేటప్పుడు దాని నిలకడ కూడా చెడుతుంది.

50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. మృగశిర కార్తె వచ్చి గాలులు మొదలయ్యాక, టార్గెట్ల పక్కన కట్టిన గుడ్డ జెండా కొద్దిగా లేచినా పది కాస్తా తొమ్మిది అవుతుంది. ఆటకు స్టాండర్డ్ వెలాసిటీ మ్యాచ్ తూటాలే వాడండి. ఎలీ, ఆర్‌డబ్ల్యూఎస్, లాపువా, ఎస్‌కే అన్నీ మంచివే. అదే పేరు, అదే డబ్బా అయినా లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు) మారితే మీ బ్యారెల్‌లో గ్రూప్, అంటే తూటాలు ఒకచోట పడే తీరు మారుతుంది. రెండు మూడు లాట్లు తలా కొన్ని కాల్చి చూసి, బిగువుగా పడిన లాట్‌నే వీలైనంత ఎక్కువ తీసుకోండి. రైఫిల్ మార్చితే వచ్చే లాభం కంటే సరైన లాట్ దొరికితే వచ్చే లాభం చాలామందికి ఎక్కువ.

నిల్వ గురించి కూడా చెప్పాలి. ఈ తూటాల సీసానికి పైన మైనం లాంటి పూత ఉంటుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండలో పెట్టెను కారు డిక్కీలో వదిలేస్తే ఆ పూత మెత్తబడి దుమ్ము పట్టుకుంటుంది.

అపోహ: బ్యారెల్ ఎంత పొడుగైతే అంత గురి

.22లో మందు చాలా తక్కువ. 16 నుంచి 18 అంగుళాలు దాటేసరికి ఆ వాయువు చేయాల్సిన పని దాదాపు అయిపోతుంది, ఆ పైన బ్యారెల్ వల్ల వేగం పెరగదు. మ్యాచ్ రైఫిళ్లు పొడుగ్గా కనిపించడానికి కారణం గురి చూసే ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం, బరువు పంచుకునే తీరు. కొన్నిటిలో బ్యారెల్ పొట్టిదే, ముందు తగిలించింది ఖాళీ గొట్టం.

అపోహ: ఖరీదైనది కొంటే స్కోరు దానంతటదే వస్తుంది

అన్షూట్జ్, వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావు, బ్లైకర్, ఇవన్నీ మనం కాల్చగలిగినదానికంటే ఎక్కువ గురిగా కాలుస్తాయి. పైగా విదేశీ రైఫిల్‌ను ఎవరుబడితే వాళ్లు తెప్పించుకోలేరు. పోటీల్లో నిర్ణీత స్కోరు సాధించి గుర్తింపు పొందిన షూటర్లకే ఆ వెసులుబాటు. కాబట్టి మొదట ఎయిర్ రైఫిల్ నేర్చుకోండి, ఆ తర్వాత క్లబ్ .22తో రేంజ్‌లో కాల్చండి, జిల్లా, రాష్ట్ర పోటీలకు వెళ్లండి. సొంత రైఫిల్ మాట అప్పుడు.

కొనేటప్పుడు నేను పెట్టే పరీక్షకు ఖర్చేమీ లేదు. ఖాళీ రైఫిల్, బోల్ట్ వెనక్కి తీసి, ఛాంబర్ ఖాళీ అని ఇద్దరం చూసుకున్నాక, కళ్లు మూసుకుని టార్గెట్ వైపు ఎత్తమంటాను. చెంప తేలిగ్గా ఆనించి, రెండు మూడు సార్లు ఊపిరి పీల్చి వదిలాక కళ్లు తెరవమంటాను. పీప్‌సైట్ (వెనక సైట్) రంధ్రం నడుమ ముందు సైట్ రింగ్ గుండ్రంగా కనిపిస్తే స్టాక్ (రైఫిల్‌ను పట్టుకుని భుజానికి ఆనించే భాగం) సరిపోయినట్టు. మెడ సాచి వెతుక్కుంటుంటే చీక్‌పీస్ (చెంప ఆనించే భాగం) ఎత్తు తప్పు. చూపుడు వేలి మొదటి కణుపు గీతకు, కొసకు మధ్యనున్న మెత్త భాగం ట్రిగ్గర్ మీద పడాలి. ఆ గీతే పడుతోందంటే పిడి దగ్గరైంది, కొస మాత్రమే అందుతోందంటే దూరమైంది. పద్నాలుగేళ్ల పిల్లకు వాళ్ల నాన్న కొలతలతో ఉన్న రైఫిల్ ఇచ్చి "టెన్షన్ పడకు, బాగా కాలుస్తావు" అంటే ఏం లాభం? అన్ని వైపులా సర్దుకునే అల్యూమినియం స్టాక్ అందుకే వచ్చింది. పాత చెక్క స్టాక్ కూడా బట్‌ప్లేట్ (భుజానికి ఆనే పలక), చీక్‌పీస్ కదిలేదైతే తీసిపారేయక్కర్లేదు.

స్కోప్ గురించి అడిగేవాళ్లకు: ఒలింపిక్ తరహా రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్ సైట్ ఒప్పుకోరు. ఆ డబ్బు షూటింగ్ జాకెట్‌కు, స్లింగ్‌కు (రైఫిల్‌ను చేతికి బిగించే పట్టీ) పెట్టండి.

అపోహ: ఇంట్లో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి సాధన చేయొచ్చు

ఎయిర్ రైఫిళ్లలో చాలావాటికి డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటుంది. .22 రిమ్‌ఫైర్ తూటా కథ వేరు. దీని నిప్పు మందు తొడుగు అడుగున మధ్యలో ఉండదు, చుట్టూ ఉన్న అంచులో ఉంటుంది. పేలిన తొడుగు తీసి చూస్తే అంచు మీద గోటితో నొక్కినట్టు చిన్న గాటు కనిపిస్తుంది. లోపల తూటా లేనప్పుడు ఫైరింగ్ పిన్ ఆ గాటు పడాల్సిన చోట నేరుగా ఛాంబర్ అంచునే కొట్టొచ్చు. కొన్నాళ్లకు ఆ అంచు మీద బొడిపె లేస్తుంది, తూటాలు ఇరుక్కోవడం మొదలవుతుంది. రైఫిల్ మ్యానువల్ ఒప్పుకుంటే తప్ప ఖాళీగా కాల్చకండి. కాల్చాల్సి వస్తే స్నాప్ క్యాప్ (డమ్మీ తూటా) వేసుకోండి.

ఆ అంచులో మందు సమానంగా పరుచుకోకపోతే తూటా పేలదు. మామూలు తూటాల కంటే రిమ్‌ఫైర్‌లో ఇది ఎక్కువ. పేలకపోతే వెంటనే బోల్ట్ లాగేయొద్దు. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. పోటీలో అయితే చెయ్యెత్తి రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి.

అపోహ: కాల్చిన ప్రతిసారీ బ్యారెల్ తళతళలాడేలా తోమాలి

తూటా పూత బ్యారెల్ లోపల సన్నని పొరగా పడితేనే గ్రూప్ కుదురుకుంటుంది. పూర్తిగా తోమేస్తే మళ్లీ కుదురుకోవడానికి కొన్ని రౌండ్లు పడుతుంది, ఆ రౌండ్లు అటూ ఇటూ పడతాయి. మ్యాచ్ రోజు పొద్దున బ్యారెల్ తోమి లైన్ మీదికి వచ్చేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. శుభ్రం చేసినప్పుడు పూత ఉన్న రాడ్‌తో, బోర్ గైడ్ (రాడ్ బ్యారెల్ గోడకు రాసుకోకుండా నడిపే గొట్టం) పెట్టి, ఛాంబర్ వైపు నుంచే దూర్చండి. మూతి వైపు నుంచి దూర్చిన రాడ్ అంచును గీరితే ఆ బ్యారెల్ ఇక పాడైనట్టే. ఛాంబర్ మాత్రం ప్రతిసారీ తుడవండి. వానాకాలంలో చెమట చేతులతో పట్టుకున్న బోల్ట్, ట్రిగ్గర్ గార్డ్ మీద పల్చగా నూనె గుడ్డ తిప్పి, ఆరిన తర్వాతే పెట్టెలో పెట్టి తాళం వేయండి. తూటాలు వేరే చోట, వేరే తాళంతో.