బస్తీల్లో లాక్‌డౌన్ అప్పులు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ బస్తీల్లో పొదుపు సంఘాల లెక్కలు చూడటం నా పని. 2020 లాక్‌డౌన్ ప్రస్తావన వస్తే చాలు, ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: సర్కారు బియ్యం, డబ్బులు ఇచ్చింది కదా!

వాస్తవం: ఇచ్చింది. తెలంగాణలో రేషన్ కార్డున్న ఇంట్లో మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి రూ.1,500. అవి లేకుంటే పస్తులే. కానీ వేరు కాపురం పెట్టి ఇంకా కార్డు రాని జంటల సంగతి? మూడు నెలలు అద్దె అడగొద్దన్నారు, మాఫీ చేయమనలేదు. రెండు రేకుల గదుల అద్దె మీదే బతికే ముసలావిడ ఓనరైతే ఆమెనూ తప్పుపట్టలేం.

అపోహ: మారటోరియంతో (కిస్తీలు కొన్నాళ్లు వాయిదా వేసుకునే వెసులుబాటుతో) అప్పుల టెన్షన్ తప్పింది.

వాస్తవం: ఆగస్టు 31 దాకా ఆర్‌బీఐ ఇచ్చిన ఆ వెసులుబాటు బ్యాంకులు, దాని కిందుండే ఫైనాన్స్ కంపెనీల అప్పులకే. వాటికీ వడ్డీ ఆగలేదు. బస్తీలో నడిచేది రోజువారీ ఫైనాన్స్. పదివేలని రాసుకుని చేతిలో పెట్టేది తొమ్మిది వేలు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ‘వెయ్యే కదా వడ్డీ’ అనిపిస్తుంది. కానీ తీసుకున్న మర్నాటి నుంచే అసలు కరిగిపోతుంటుంది కాబట్టి ఏడాది లెక్క కడితే వడ్డీ 75 శాతం పైనే. లాక్‌డౌన్‌లో వసూలు మనిషి రాలేదు గానీ, ఫోన్లు మాత్రం ఆగలేదు.

అపోహ: వీళ్లకు పొదుపు తెలియదు.

వాస్తవం: చిట్టీ లేని గల్లీ చూపించండి! ముందే పాడుకున్నవాళ్లు పనుల్లేక కట్టడం మానేస్తే, చివర్లో ఎత్తుదామని ఆగినవాళ్ల సొమ్ము ఇరుక్కుంది.

అపోహ: పనులు మొదలవగానే అంతా సర్దుకుంది.

వాస్తవం: అడ్డా కూలీలకు కొంత నయం. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లను చాలా అపార్ట్‌మెంట్లు నెలల తరబడి గేటు దాటనివ్వలేదు. అప్పుడే బంగారం తాకట్టుకు బయటికొచ్చింది. విలువలో 75 బదులు 90 శాతం దాకా అప్పివ్వొచ్చని ఆగస్టులో ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. ధర అప్పుడే ఆకాశంలో ఉంది. మరుసటి మార్చికి బాగా దిగింది. గరిష్ఠంగా తీసుకున్నవాళ్లకు వడ్డీతో కలిపి అప్పే వస్తువు విలువను దాటింది. వేలం నోటీసు పట్టుకుని సంఘానికి వచ్చినవాళ్లకు, కనీసం వడ్డీ, తగ్గిన విలువ మేరకు అసలులో కొంత కట్టి తిరగ రాయించుకోమని చెప్పేవాళ్లం. ఆ కొంత కోసం మళ్లీ రోజువారీ ఫైనాన్స్ దగ్గరికే వెళ్లేవారు.