అనుబంధ నవలలు ఎంత మార్చొచ్చు? అపోహలు - వాస్తవాలు

"మాస్టారూ, ఆ ముసిలాయనకి నీలంటే బయమని మీరే రాసినారు కదండీ. మరి మొన్న సెరువులో దూకీసినాడేటి?"

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గరున్న టీ కొట్టులో ఆదివారం సాయంత్రం ఐదారుగురం కలుస్తాం. ఈ ప్రశ్న అక్కడే వచ్చింది. అడిగిన కుర్రాడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు, మా అందరికంటే శ్రద్ధగా చదివేది అతనే.

నేను అనుబంధ నవలలు రాస్తాను. ఒక సైన్స్ ఫిక్షన్ ఆడియో సీరియల్ ఉంది. దాని పాత్రలతో, దాని లోకంలోనే, సీరియల్ చెప్పని కథలు పుస్తకాలుగా రాయడం నా పని. ఇప్పటికి నాలుగు రాశాను. ముసలాయన అంటే ఓడలో ఇంజను గది చూసుకునే మనిషి. చిన్నప్పుడు కళ్లముందే తమ్ముడు నీళ్లలో కొట్టుకుపోయాడని, అప్పట్నుంచి నీళ్ల దరిదాపులకి వెళ్లడని రెండో పుస్తకంలో రాశాను. సీరియల్ హక్కులున్న సంస్థవాళ్లు చదివి ఒప్పుకున్నారు, అచ్చయింది. ఏడాది తిరక్కుండానే సీరియల్ కొత్త భాగంలో ఆయన చెరువులో దూకి అవతలి గట్టుకి ఈదేశాడు. నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ ప్రశ్న దగ్గర మొదలైన వాదన రెండు మూడు వారాలు సాగింది. అందులో విన్న మాటల్నే అపోహలుగా తీసుకుని, వృత్తిలో నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: పుస్తకంలో జరిగింది లెక్కలోకి రాదు, తెర మీద వచ్చిందే అసలు.

ముందు ఒక తేడా చెప్పాలి. మనకి వెండితెర నవల తెలుసు, సినిమా కథనే పుస్తకంగా రాసేది. అనుబంధ నవల అది కాదు. లోకం పాతదే, కథ కొత్తది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు దీన్ని చులకనగా చూస్తారు గానీ, ఆ చెట్టు ఆకులే ఎన్నోసార్లు అసలు ఇంటివాళ్లు కోసుకెళ్లారు.

అంతరిక్ష ఓడల కథ స్టార్ ట్రెక్ 1966లో అమెరికా టీవీలో మొదలైంది. ఓడ నడిపే సులుకి అందులో ఇంటిపేరు ఒక్కటే ఉండేది. 1981లో వోండా మెకింటైర్ తన నవలలో అతనికి 'హికారు' అని పేరు పెట్టారు. పదేళ్లకి, 1991లో వచ్చిన ఆరో సినిమాలో సులు తన ఓడ లాగ్ చెబుతూ ఆ పేరు పలికాడు. స్టార్ వార్స్‌లో ఊరే గ్రహమంత పెరిగిపోయిన రాజధాని ఉంది కదా, కోరస్కాంట్, ఆ పేరు 1991లో టిమతీ జాన్ నవలలో పుట్టింది. 1999 సినిమాకి అదే పేరు వాడుకున్నారు.

బ్రిటిష్ టీవీ సిరీస్ డాక్టర్ హూ సంగతి ఇంకా గొప్పది. 1989లో టీవీలో ఆగిపోయింది. 1991 నుంచి 1997 దాకా దాన్ని బతికించింది నవలలే. వాటిలో పాల్ కార్నెల్ 1995లో రాసిన నవలను 2007లో టీవీలో రెండు భాగాలుగా తీశారు. 2005లో సిరీస్‌కి మళ్లీ ప్రాణం పోసిన రసెల్ టి డేవిస్ కూడా 1996లో ఆ వరసలో ఒక నవల రాసినవారే.

అపోహ: రచయిత తన ఇష్టం వచ్చినట్టు మార్చి పారేస్తాడు.

మార్చనివ్వరు. ముందు కథాసంగ్రహం పంపాలి, నా వరకు అది పది పేజీలు ఉంటుంది. హక్కుదారులు చదివి సరేనన్నాకే రాయడం మొదలు. రాసిన ప్రతి మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్తుంది. ఇలాంటి ఒప్పందాల్లో ఎక్కువగా పుస్తకం మీద కాపీరైట్ కూడా వాళ్లదే. ఎక్కడ ఏం జరిగిందో తప్పు పోకుండా చూడ్డానికి స్టార్ వార్స్ తీసే లుకాస్‌ఫిల్మ్‌లో 2000 నుంచి లీలండ్ చీ అనే ఆయన పెద్ద డేటాబేస్ నడిపారు, దానికి హోలోక్రాన్ అని పేరు. మా సంస్థలో అలాంటిదేమీ లేదు, ఒక లావుపాటి ఫైలు ఉంది. నీళ్ల భయం అందులోకి ఎక్కలేదు. జరిగిన పొరపాటు అదే.

ఈ తనిఖీ రచయితకి సంకెళ్లని అనుకునేవాణ్ణి. మూడో పుస్తకం దగ్గర ఆ అభిప్రాయం పోయింది. సంగ్రహం తిరిగొచ్చినప్పుడు ఒక పేజీ అంచున ఎర్ర సిరాతో మూడే మాటలున్నాయి: "ఈమె ఇలా అనదు." అక్కడ నేను ఓడ కెప్టెన్ చేత ఒక కుర్ర నావికుడికి "నన్ను క్షమించు" అనిపించాను. ఆరు సీజన్లు వెనక్కెళ్లి విన్నాను. నిజమే, ఆమె ఎవరినీ క్షమాపణ అడగలేదు. తప్పు చేసిన రోజున ఎదుటి మనిషి డ్యూటీ తనే చేసేస్తుంది, అంతే. ఆ వాక్యం కొట్టేసి, కుర్రాణ్ణి పడుకోమని చెప్పి రాత్రి కాపలాకి ఆమే కూర్చున్నట్టు రాశాను. తెల్లారి కుర్రాడు లేచేసరికి అతని గ్లాసు కడిగి బోర్లించి ఉంటుంది. పుస్తకం మొత్తంలో పాఠకులు నాతో ఎక్కువగా మాట్లాడింది ఆ గ్లాసు గురించే.

అపోహ: మంచి అనుబంధ నవల దేన్నీ మార్చకూడదు. చివరి పేజీకి అన్నీ ఎక్కడివక్కడ సర్దేయాలి.

అభిమానులు రెండుగా చీలిపోయేది ఇక్కడే. సిరీస్ నడుస్తున్న రోజుల్లో ఆ సర్దడం తప్పదు. వచ్చే వారం టీవీలో కనిపించే మనిషి చెయ్యి నువ్వు పుస్తకంలో నరికేస్తే కుదరదు. సిరీస్ ఆగిపోయాక రచయితకి చోటు దొరుకుతుంది. 2005 నుంచి 2017 దాకా టీవీలో కొత్త స్టార్ ట్రెక్ లేదు. ఆ కాలంలో నవలల్లో మనుషులు పెళ్లిళ్లు చేసుకున్నారు, పదవులు మారారు, చచ్చిపోయారు.

అలాగైతే ఎంత మార్చొచ్చు? నా వరకు కొలత ఒకటే. జరిగేవి ఎన్నైనా మార్చు, మనిషిని మాత్రం మార్చకు. 1999లో ఆర్.ఎ. సాల్వటోరే నవలలో స్టార్ వార్స్ హీరో హాన్ సోలో ప్రాణస్నేహితుడు చూబాకా చనిపోయాడు. అభిమానులు భగ్గుమన్నారు. కానీ ఆ చావు చూడండి. హాన్ సోలో కొడుకుని ఓడలోకి ఎక్కించి, తాను ఆ గ్రహం మీదే ఉండిపోయి పోయాడు. సినిమాల్లో మనం చూసిన చూబాకా సరిగ్గా అలాంటివాడే. ఆ తర్వాతి పుస్తకాల్లో హాన్ దుఃఖం, కొడుకు మీద పెంచుకున్న కోపం చాలా దూరం నడిచాయి. ఆ మార్పు వల్ల మిగిలినవాళ్లు ఇంకా లోతుగా కనిపించారు. నేను దాన్ని సమర్థిస్తాను.

2007లో స్టార్ ట్రెక్ నవలలో వాయేజర్ ఓడ కెప్టెన్ జేన్‌వేని చంపిన తీరుని సమర్థించలేను. ఆమె పోయింది తన వాయేజర్ వరసలో కాదు, పికార్డ్ అనే ఇంకో కెప్టెన్ ఓడవాళ్ల కథ నడిచే నవలలో. తన మనుషులు పక్కన లేకుండా, పరాయి పెళ్లిలో పోయినట్టు. 2012లో కిర్‌స్టెన్ బేయర్ ఆమెను వాయేజర్ నవలలోనే వెనక్కి తెచ్చారు.

ఇదంతా తెల్లవాళ్ల గొడవ, మనకెందుకు అని టీ కొట్టులో ఒక పెద్దాయన అన్నారు. ఆయనకి నేను శశిరేఖని చూపించాను. వ్యాసభారతంలో బలరాముడికి శశిరేఖ అనే కూతురు లేదు, ఘటోత్కచుడు పెళ్లికూతురి వేషం వేయడమూ లేదు. ఎవరో అల్లారు, జనం పాడుకున్నారు, నాటకమైంది, 1957లో మాయాబజార్ సినిమాగా వచ్చింది. ఇప్పుడు ఆ ఘట్టం లేని భారతాన్ని మనవాళ్లు ఊహించుకోలేరు. వనవాసం పద్నాలుగేళ్లూ ఊర్మిళ ఏమైందో వాల్మీకి చెప్పలేదు. మన ఆడవాళ్లు పాట కట్టి ఆమెను అన్నేళ్లూ నిద్రపుచ్చారు. లక్ష్మణుడు తిరిగొచ్చి మంచం మీద కూర్చుంటే, పరాయి మగవాడనుకుని ఆమె హడలిపోవడం ఆ పాటలో విని తీరాలి. ఎవరి స్వభావమూ చెడలేదు, ఖాళీగా ఉన్న చోటు నిండింది. ఆదిభట్ల నారాయణదాసుగారు తిరిగిన ఊరు మాది. హరికథ చెప్పే దాసుగారు ఎవరైనా పిట్టకథ ఎత్తుకుని ఎంత దూరం పోయినా, అసలు కథని వదిలిన చోటే మళ్లీ అందుకుంటారు. మనం మాత్రం కాస్త వేరే కళ్లతో వింటాం. నేను పని నేర్చుకున్నది అక్కడే.

అపోహ: 2014లో స్టార్ వార్స్ నవలలన్నీ రద్దయిపోయాయి.

2012లో డిస్నీ లుకాస్‌ఫిల్మ్‌ని కొంది. కొత్త సినిమాలకి దారి కావాలి కాబట్టి 2014 ఏప్రిల్‌లో పాత నవలల్ని 'లెజెండ్స్' అనే పేరు కింద పక్కన పెట్టారు. కొత్త కథలు వాటికి కట్టుబడవు, అంతవరకే. పుస్తకాలు ఆ పేరుతో అచ్చవుతూనే ఉన్నాయి. టిమతీ జాన్ తన నవలల్లో సృష్టించిన త్రాన్ అనే సేనాని 2016లో యానిమేషన్ సిరీస్‌లోకి, 2023లో మరో సిరీస్‌లోకి నడిచొచ్చాడు. స్టార్ ట్రెక్‌లో 2020 నాటి పికార్డ్ సిరీస్ నవలల కథకి అడ్డొచ్చినప్పుడు ఇంకో దారి తొక్కారు. 2021లో మూడు నవలలు రాసి, ఆ కాలరేఖకి కథలోనే ముగింపు పలికారు. ఇరవై ఏళ్లు వెంట నడిచిన పాఠకులకి అది దక్కాల్సిన మర్యాద. పికార్డ్ సిరీస్‌ని రూపొందించినవాళ్లలో జేన్‌వేని బతికించిన ఆ బేయర్ కూడా ఉన్నారు.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయానికి వెళ్లినప్పుడల్లా, పాత పత్రికల కట్టల మధ్య నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. ఒకసారి పాఠకుడి చేతికి వెళ్లిన కథని ఏ ప్రకటనా వెనక్కి లాక్కోలేదు.

అపోహ: డబ్బు కోసం, ఇంకొకరి పాత్రలతో రాసేది సాహిత్యం కాదు.

దీనికి శశిరేఖ దగ్గరే జవాబు చెప్పేశాను.

మళ్లీ చెరువు దగ్గరికి. నాలుగో పుస్తకంలో ఆ ఈతకి ముందటి రాత్రి నుంచి కథ రాశాను. మునిగిపోతున్నది ఒక పసివాడు, ముసలాయన దూకేటప్పుడు కళ్లు మూసుకునే దూకాడు. ఒడ్డుకి వచ్చాక రెండు రోజులు నోట మాట లేదు. సీరియల్‌లో వచ్చిన ఒక్క ముక్కని కూడా కదపలేదు. సంస్థవాళ్లు ఈసారి నీళ్ల భయాన్ని ఫైలులో రాసుకున్నారు.

మా కుర్రాడు పుస్తకం తీసుకెళ్లి పది రోజులకి తిరిగిచ్చాడు. ఆ రెండు రోజుల మౌనం ఉన్న పేజీ అంచున పెన్సిల్‌తో సన్నగా రాశాడు: "బయం పోయిందా, దాసుకున్నాడా?" ఐదో పుస్తకం సంగ్రహం ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టి మొన్న సోమవారం పంపాను. ఎర్ర సిరా కోసం చూస్తున్నాను.